ఆవులమ్మిన డబ్బు

"పదకొండు డాలర్లున్నాయి తాతయ్యా," అంది సిగ్నె.

మెల్లగానే అంది. అయినా ఆ మాట గరాజు ఆ చివరిదాకా వినబడింది. హామ్ బన్ను కొరకబోతున్న పక్కింటావిడ తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

ఆర్విడ్ మడత కుర్చీలోంచి ముందుకు వంగాడు. ఎనభై దాటినా ఆయనది ఇంకా పాకలో ఆవుల్ని అదిలించే గొంతే. "సరిగ్గా చూడమ్మా. వేరేదేదో నొక్కి ఉంటావు."

"ఇదే తాతయ్యా. నువ్వు పెట్టిన అకౌంటే. ఖాళీ అయిపోయింది."

కర్ట్ హాల్వర్సన్ రెండంగల్లో వచ్చి కూతురి చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. నిజమే. పదకొండు డాలర్లు, కొంచెం చిల్లర.

గరాజు నిండా జనం. సిగ్నె హైస్కూలు పూర్తి చేసిందని ఊరందరినీ పిలిచారు. కార్లు బయటపెట్టి, నేల కడిగి, చర్చి నుంచి కుర్చీలు తెచ్చి, నీలం పసుపు బుడగలు కట్టారు. అవి పిల్ల చేరబోయే కాలేజీ రంగులు. కేకు మీద ఆ కాలేజీ పేరే. కర్ట్ కారు వెనక అద్దం మీదా ఆ పేరే, సీటు వచ్చిన రోజునే అంటించేశాడు. ఆగస్టులో మొదటి విడత కట్టాలి. కట్టకపోతే సీటు లేదు. కట్టాల్సిన డబ్బంతా ఆ అకౌంట్‌లో ఉందని ఇంట్లోవాళ్ళకి తెలుసు, ఊరికి ఇంకా బాగా తెలుసు. కనబడ్డవాడికల్లా కర్టే చెప్పాడు మరి. "మా అమ్మాయి ఒక్క డాలరు అప్పు చెయ్యకుండా చదువుతుంది" అని.

అది ఆర్విడ్ ఆవులమ్మిన డబ్బు. మందనంతా ఒకే రోజు లారీలెక్కించి, వచ్చిన సొమ్మంతా అప్పటికింకా బడికి కూడా వెళ్ళని మనవరాలి చదువుకని వేశాడు. సొంత కూతురు జోలీన్, అంటే సిగ్నె తల్లి, నర్సు చదువు చదువుతానంటే ఆయన పైసా ఇవ్వలేదు. పద్దెనిమిది నిండితే ఎవరి బతుకు వాళ్ళదే అన్నాడు. జోలీన్ తెల్లవారుజామున బేకరీలో పిండి పిసికి చదువుకుంది. ఆ సంగతి ముసలాయన్ని లోపల తొలుస్తూనే ఉండేది. అందుకే ఇవాళ పదిమందిలో ఆ అకౌంట్ తెరిపించి, ఎంత పెరిగిందో మనవరాలి నోట చదివించి, దాని మీద ఇంకో చెక్కు పెడదామనుకున్నాడు. ఆ చెక్కు ఇంకా ఆయన వేళ్ళ మధ్యే ఉంది.

"ర్యాండీ!" అన్నాడు ఆర్విడ్.

బయట పొయ్యి దగ్గర సాసేజీలు తిరగేస్తున్న కొడుకు తలెత్తాడు. జోలీన్ తమ్ముడు. నడుముకి ఏప్రన్, చేతిలో పట్టకారు.

"ఈ అకౌంట్ కంప్యూటర్లో తెరిచింది నువ్వు. పాస్‌వర్డ్ పెట్టింది నువ్వు."

"పెట్టాను నాన్నా. పెట్టి అక్కకిచ్చేశాను."

"ఇచ్చేశావా, నువ్వూ ఒకటి దాచుకున్నావా?" అన్నాడు కర్ట్.

అందరూ అటు తిరిగారు. చాలా ఏళ్ళ కిందట ర్యాండీ జూదంలో పోగొట్టుకుని, తండ్రి మంచు తోసే బండిని చెప్పకుండా అమ్మేశాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. కానీ ఊరు అలాంటివి మరిచిపోదు.

"బావా, కాస్త ఆలోచించి మాట్లాడు," అన్నాడు ర్యాండీ.

"ఆలోచించడానికేముంది? బండి అమ్ముకున్నవాడికి మేనకోడలి చదువు ఒక లెక్కా? సొంత కూతురి చేతే సగం ఫీజు కట్టిస్తున్నావు! ఆ పిల్ల సూపర్‌మార్కెట్లో సంచులు నింపి చదువుకుంటోంది. పిల్లల చదువు పిల్లల నెత్తినే వేసేవాడు తండ్రేమిటి?"

"మిగతా సగం నేను కడుతున్నాను బావా. నా దగ్గరున్నది ఆ సగమే."

"ఇప్పుడు తెలిసింది, ఆ సగం ఎక్కణ్ణించి వచ్చిందో!"

ర్యాండీ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. వంటింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ జోలీన్ కేకు ముక్కల ట్రే పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉంది. అంతే, ర్యాండీ నోరు మూసుకున్నాడు. పట్టకారుతో మళ్ళీ సాసేజీల వైపు తిరిగాడు.

దొంగ దొరికిపోయాడనుకున్నాడు కర్ట్.

జనం పళ్ళేల్లోకి చూసుకున్నారు. ఈ ఊళ్ళో ఎవరింట్లోనైనా గొడవ జరిగితే లేచి వెళ్ళిపోరు, అది మర్యాద కాదు. ఉండి, బంగాళాదుంప సలాడ్ ఎంత బాగుందో మాట్లాడతారు. ఎవరో అప్పుడే మొదలుపెట్టారు కూడా.

"కెంట్," అన్నాడు ఆర్విడ్. షెరీఫ్ ఆఫీసులో పోలీసుగా పనిచేసే కెంట్ నిక్కరుతో ఓ మూల నిలబడి తింటున్నాడు. "నా కొడుకని చూడకు. ఏం చెయ్యాలో అది చెయ్యి."

"అలాగే ఆర్విడ్. ముందు బ్యాంకుకి ఫోన్ చేస్తే ఎవరు తీశారో తేలిపోతుంది," అన్నాడు కెంట్ నోట్లోది మింగుతూ.

"నేను చేస్తా," అని కర్ట్ వంటింట్లోకి నడిచాడు.

జోలీన్ అతని వెనకే వచ్చి తలుపు మూసింది. ట్రే బల్ల మీద పెట్టింది.

"ఫోన్ చెయ్యకు కర్ట్."

"తమ్ముణ్ణి వెనకేసుకొస్తావేంటి? పిల్ల సీటు పోతుందే!"

"చెయ్యకు, అంతే."

"నీకు ముందే తెలుసన్నమాట. వాడు తీస్తున్నాడని తెలిసే ఊరుకున్నావు."

జోలీన్ అతని మొహంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా చూడడం అతనికి గుర్తులేదు. కోపం కాదది. ఎదురుగా ఉన్న మనిషి ఇంత తెలివితక్కువవాడా అని ఇప్పుడే తెలిసినట్టు చూసింది.

"వెళ్ళి వాణ్ణే అడుగు," అంది.

ర్యాండీ పొయ్యి వదిలేసి వచ్చి గరాజులో పక్క గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కర్ట్ రాగానే అక్కడున్నవాళ్ళంతా మెల్లగా లాన్ మీదికి జారుకున్నారు. ఆ గోడకి మూడు పెద్ద అట్టలు ఆనించి ఉన్నాయి, నిండా సిగ్నె ఫోటోలు. వాటిని కర్ట్ వారం రోజులు కూర్చుని స్వయంగా అంటించాడు. నాలుగింట మూడొంతులు ఐస్ హాకీవే. సిగ్నె గోల్‌కీపరు. పక్కనే ఆమె కాళ్ళ ప్యాడ్లు, మాస్కు అలంకరణగా వేలాడదీశారు.

కర్ట్ అతని మీదికి వెళ్ళాడు. "చెప్పు. ఎంతకాలంగా తీస్తున్నావు?"

"అరవకు బావా. అందరూ వింటున్నారు. ఇటు తిరిగి, ఫోటోలు చూస్తున్నట్టు నిలబడు." ర్యాండీ ఒక ఫోటో మీద వేలు పెట్టాడు. "ఇదెక్కడ?"

"ఇప్పుడు ఫోటోలేంట్రా?"

"ఎక్కడో చెప్పు."

"విన్నిపెగ్. టోర్నమెంటు."

"నాలుగు రోజులు హోటల్లో ఉన్నారు. ఎవరు కట్టారు?"

"మేమే."

"ఇదీ?"

"బోస్టన్. వేసవి క్యాంపు. దేశంలోకెల్లా మంచి కోచ్‌లు... మేమే కట్టాం."

"ఈ ప్యాడ్లు? పిల్ల ఎదిగినప్పుడల్లా కొత్తవి కొలిపించి కుట్టించావు. ఆదివారం ఆదివారం మినియాపోలిస్ నుంచి గోల్‌కీపింగ్ కోచ్‌ని రప్పించావు. ఇంటి వెనక స్కేటింగ్‌కని ప్లాస్టిక్ ఐసు పరిపించావు. నువ్వు ఇళ్ళు వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేస్తావు. అక్క నర్సు. ఇంటి మీద లోను ఉంది. బావా, ఇదంతా ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావు?"

సమాధానం కర్ట్ నోట్లో సిద్ధంగానే ఉంది, ఇంటి లెక్కలు జోలీన్ చూసుకుంటుంది అని. అది అనకుండా ఆ ఫోటోల వైపే చూస్తూ నిలబడ్డాడు.

జోలీన్ ఎప్పుడొచ్చిందో, అతని భుజం పక్కనే నిలబడి ఉంది. ఆమె కూడా ఫోటోల వైపే చూస్తూ మాట్లాడింది.

"ప్రతిసారీ అడిగాను. ఎక్కణ్ణించి కట్టమంటావు అని. ఎక్కణ్ణించో కట్టు జోలీన్, యూనివర్సిటీవాళ్ళు టీములోకి పిలిచి ఉచితంగా చదివించిననాడు అంతా తిరిగొస్తుంది అన్నావు. ఒకసారి షికాగో వెళ్తుంటే కార్లో అడిగాను. నాన్న డబ్బు తప్ప ఇంకేం మిగల్లేదన్నాను. అదుందిగా, అన్నావు. గుర్తుందా?"

గుర్తులేదని చెబుదామనుకున్నాడు. కానీ గుర్తొచ్చింది. వర్షం పడుతోంది. అదుందిగా అని, వెంటనే రేడియో గొంతు పెంచాడు. ఇంకో ప్రశ్న రాకూడదని పెంచాడు.

ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. యూనివర్సిటీ నుంచి ఒకే ఒక్క కోచ్ వచ్చి ఆట చూశాడు, చేతిలో కాఫీ అయిపోగానే లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరూ రాలేదు. అంతకు ముందే, పదో తరగతిలో, సిగ్నె ఏడుస్తూ చెప్పింది: నాన్నా, నాకు ఈ ఆట ఇష్టం లేదు, మానేస్తాను. అతనేమన్నాడు? ఇంత పెట్టాక ఇప్పుడు మానేస్తావా అన్నాడు. ఇంత! ఎంతో తెలియకుండానే అన్నాడా ఆ మాట?

కాళ్ళ కింద సిమెంటు నేల పగిలి మింగేస్తే బాగుండుననిపించింది. ఇందాక ర్యాండీ మీద అరిచిన ప్రతి మాటా చెవుల్లో మోగింది.

"నువ్వు నాతో గట్టిగా చెప్పాల్సింది," అన్నాడు జోలీన్‌తో. అనగానే ఆ మాటకి తనకే సిగ్గేసింది.

"అవును, చెప్పాల్సింది," అంది జోలీన్. "స్టాండ్స్‌లో మిగతా తల్లిదండ్రుల మధ్య కూర్చుని, మా దగ్గర డబ్బు లేదు, మా పిల్లని మాన్పిస్తున్నాం అని చెప్పడానికి నాకూ మొహం చెల్లలేదు. నువ్వొక్కడివే కాదు."

ర్యాండీ గొంతు తగ్గించాడు. "బావా, నా మీదే ఉండనీ. నా చొక్కాకి ఎలాగూ మరకలున్నాయి, ఇంకోటి పడితే ఎవడు చూస్తాడు? అక్క చేత్తో తీసిందని తెలిస్తే నాన్న తట్టుకోలేడు. కెంట్‌తో నేను మాట్లాడుకుంటా. బ్యాంకుకి ఎవరూ ఫోన్ చెయ్యకుండా చూడు, చాలు."

కర్ట్‌కి ఆ మాట బాగుందనిపించింది. ఒక్క క్షణమే అయినా, బాగుందనిపించింది. ఆ క్షణం తలుచుకుని చాలాకాలం అతను అద్దంలో తన మొహం తాను చూసుకోలేకపోయాడు.

ఆ క్షణంలోనే ఆర్విడ్ వాళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనక కెంట్, చేతిలో పళ్ళెం లేదు ఇప్పుడు. పక్కన సిగ్నె.

"ర్యాండీ, కెంట్ కారెక్కు," అన్నాడు ముసలాయన. "ఇవాళ్టి నుంచి నా గడప తొక్కకు. నేను పోయినప్పుడు కూడా రావద్దు."

"మామయ్యా, నువ్వు తియ్యలేదని చెప్పు!" అంది సిగ్నె. "తియ్యలేదుగా? చెప్పవేం?"

ర్యాండీ ఏప్రన్ ముడి విప్పుతున్నాడు. వేళ్ళకి ముడి దొరకడం లేదు.

"ఆగండి మామయ్యా," అన్నాడు కర్ట్.

ఆర్విడ్ అల్లుడి వైపు తిరిగాడు.

"ఆ డబ్బు... ఖర్చయిపోయింది. హాకీకి."

"దానంతటదే లేచి వెళ్ళి ఖర్చయిందా?"

"అంటే... ఇంటికోసమే... పిల్ల కోసమే..." కర్ట్ నీళ్ళు నమిలాడు. "ఇప్పుడు కాలేజీకి సిగ్నె పేరు మీద లోను తీసుకుంటే, నేను నెలనెలా కొంత—"

"నేనడిగింది అది కాదు. ఎవరు తిన్నారు?"

"నాన్నా, నా చేత్తోనే—" జోలీన్ మొదలుపెట్టింది.

"నువ్వాగు జోలీన్," అన్నాడు కర్ట్. సిగ్నె తనవైపే చూస్తోందని తెలుసు. అటు చూడలేక ముసలాయన బూట్ల వైపు చూశాడు. "నేనే మామయ్యా," అన్నాడు, పెదాలు కదిలీ కదలనట్టు.

ఆర్విడ్ చేతిలో చెక్కుని రెండుగా మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లాన్ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఊరంతా కాగితపు పళ్ళేలు పట్టుకుని, బంగాళాదుంప సలాడ్ గురించి మాట్లాడుకుంటున్నట్టు నిలబడి ఉంది.

"నాకొక్కడికి చెబితే సరిపోదు," అన్నాడు. "నా కొడుకు పేరు వాళ్ళందరూ వినేలా అరిచావు. ఇదీ అలాగే చెప్పు."

గరాజు ముందుకి ఐదారడుగులుంటుందేమో. కర్ట్‌కి అది దాటడానికి పట్టినంతసేపు ఇంకే పనికీ పట్టలేదు. ఎండ కళ్ళల్లో పడింది. మాటలు ఆగిపోయాయి. ఒక్కొక్క మొహమే పైకి లేచింది. వీళ్ళందరికీ అతను చెప్పాడు, పిల్లల నెత్తిన చదువు పడేసేవాడు తండ్రే కాదని.

"సిగ్నె చదువు డబ్బు తీసింది ర్యాండీ కాదు," అన్నాడు. గొంతు తడబడింది. మళ్ళీ కూడదీసుకుని, రోడ్డవతలి ఇంటిదాకా వినబడేంత గట్టిగా అన్నాడు. "ఆర్విడ్ ఆవులమ్మిన డబ్బు తినేసింది కర్ట్ హాల్వర్సన్."