చెల్లెల్ని బస్సెక్కించిన రోజు

టైలరమ్మ వీధిలోకి ఒంటరిగా అడుగుపెట్టి రెండేళ్లయింది. కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంది కాబట్టి లోకమే బట్టలు పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చేది. భయానికి అదే అలుసైపోయింది. రెండేళ్ల కిందట, కిక్కిరిసిన బస్సులో ఊపిరాడక, గుండె దడదడలాడి, ఇక నా పని అయిపోయిందనుకుంది. గుండె నిక్షేపంగా ఉందన్నాడు డాక్టరు. ఉంటే ఏం లాభం? ఆ రోజు నుంచి వీధి పేరెత్తితేనే వణుకు.

ఆరు నెలలుగా కౌన్సెలరమ్మ ఇంటికొచ్చి మరీ పాఠం చెబుతోంది. పారిపోతే భయం నెత్తికెక్కుతుంది, నిలబడితే దానంతటదే దిగుతుంది. వెళ్లే ముందు ఏమవుతుందనుకుంటున్నావో రాయాలి, వచ్చాక ఏమైందో రాయాలి. మొదట గేటు, తర్వాత మందుల షాపు, ఆ తర్వాత బస్టాపు. అన్నీ చెల్లెలి చెయ్యి పట్టుకునే.

"చెల్లెలుంది కాబట్టి బతికాననుకుంటారు. ఆ చెయ్యి వదిలితేగానీ మీకు నమ్మకం కుదరదమ్మా," అంది కౌన్సెలరమ్మ.

వదిలే రోజు రానే వచ్చింది. నర్సు చదివిన చెల్లెలు అక్క కోసం ఇప్పటికే రెండు ఉద్యోగాలు వదిలేసింది. మూడోది వేరే ఊళ్లో. రేపు పొద్దున చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అక్క తనను బస్సెక్కించి, ఒంటరిగా ఇంటికి వెళ్లగలిగితేనే వెళ్తానని చెల్లెలు మొండికేసింది.

టైలరమ్మ కాగితం మీద రాసింది: "రోడ్డు మధ్యలో పడిపోతాను. ఎవరూ లేపరు. భయం వందకి తొంభై అయిదు."

బస్సొచ్చింది. చెల్లెలు బ్యాగుతో ఎక్కింది. బస్సు మలుపు తిరగ్గానే టైలరమ్మ ఒక్కతే మిగిలింది. నాలుక పిడచకట్టుకుపోయింది. పక్కనున్న స్తంభాన్ని పట్టుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. కౌన్సెలరమ్మ లెక్కలో అదీ దొంగ ధైర్యమేనట.

హెల్మెట్ చేత్తో పట్టుకున్న ఒకాయన ఆగాడు. "ఏమ్మా, బాగానే ఉన్నారా?"

"లేను. పర్లేదు, మీరెళ్లండి."

ఆయన వెనక్కి చూసుకుంటూ వెళ్లాడు. పడితే పడతాలే అని ఆవిడ అక్కడే నిలబడింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. పది నిమిషాలు గడిచాయి, పడలేదు. తొంభై అయిదు డెబ్భై అయింది, డెబ్భై యాభై అయింది. అప్పుడు కదిలింది.

ఇంటి మెట్ల మీద, బ్యాగు ఒళ్లో పెట్టుకుని చెల్లెలు కూర్చుని ఉంది.

"ఓసి నీ దుంపతెగా! నువ్వు బస్సులో కదా ఉండాలి?"

"తర్వాతి స్టాపులో దిగేసి అడ్డదారిన వచ్చేశానక్కా. నువ్వు రోడ్డు మీద పడిపోయినట్టే కళ్ల ముందు కనిపించింది. నా వల్ల కాలేదు," అంటూ భోరుమంది చెల్లెలు.

చెల్లెల్ని చూడగానే టైలరమ్మకి అమ్మయ్య అనిపించింది, ఎందుకు దాచాలి? ఆ అమ్మయ్యే ఆవిడను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. లోపలికెళ్లి తలుపేసుకుంటే ఎంత హాయి! ఉద్యోగం పోతుంది, అంతేగా. వచ్చే ఏడాదీ అంతే, ఆ పై ఏడాదీ అంతే. ఈ పిచ్చిపిల్ల అక్కను కాపలా కాస్తూ ఇక్కడే ముసలిదైపోతుంది.

"గంటలో ఇంకో బస్సుంది. లే."

"మళ్లీ ఒక్కదానివే రాగలవా?"

"నా సంగతి సరే, నీ మీదే నాకు నమ్మకం లేదు. నువ్వు దిగిన ఆ స్టాపు దాటేదాకా నేనూ బస్సులో వస్తా."

బస్సు! ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా? చెల్లెలు ఏడుపు మర్చిపోయి నోరు తెరుచుకు చూస్తోంది.

"చూస్తావేం? చచ్చే భయంగా ఉంది నాకు. తొందరగా నడు," అంటూ టైలరమ్మ బ్యాగు అందుకుంది.