నాలుగు సాళ్లు

బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని మజ్జిగ కలుపుతున్నాను. వాకిట్లో మా ఆయన మునిచంద్ర వ్యవసాయాధికారితో చెబుతున్నాడు: "నేనే సార్, ఎండలకు ముందే కాల్షియం కొట్టినాను. సూడండి, కాయ ఎట్లుండాదో!"

కొట్టింది నేను. ఇంటర్ మధ్యలో పెళ్లి చేసి పంపినా పాఠం మరిచిపోలేదు: కాల్షియం ఉంటే కణం గోడ గట్టిపడుతుంది, మొక్క ఎండకు ఓర్చుకుంటుంది. తొలి ఎండల్లో తెల్లవారకముందే లేచి టమోటా తోటలో నాలుగు సాళ్లకు కొట్టుకొచ్చాను. కొడుతున్నంతసేపూ ఒకటే దిగులు, పాప జాహ్నవి లేచిందేమో, మంచం మీంచి దొర్లిందేమో, చీమలు పట్టాయేమో అని. "సగం సదువుకు సైన్సొకటి" అని ఆయన నవ్వాడు. కాన్పయ్యాక ఆసుపత్రిలో నాకిచ్చిన కాల్షియం మాత్రలను అత్త దేవకమ్మ అటక మీద పడేసింది. "మేం మాత్రలు మింగినామా మే? మాకు పుట్టలేదా బిడ్డలు?" అప్పటి నుంచీ నా మోకాళ్ల నొప్పులు రోజూ ఆమెకు జవాబు చెబుతూనే ఉన్నాయి. ఏప్రిల్లో తోటంతా పూత రాలింది, కాయల అడుగు నల్లబడింది. నా నాలుగు సాళ్లే నిలబడ్డాయి.

"అయితే రేపు రైతులకు మీరే కలిపి చూపించండి" అన్నాడు అధికారి.

పొద్దున్నే వడమాలపేట నుంచి ఇరవై మంది వచ్చారు. మా ఆయన డ్రమ్ములో కాల్షియం నైట్రేట్ పోశాడు. "ఒకే దెబ్బకు రెండు పన్లూ అయిపోతాయబ్బా" అంటూ పక్కనున్న డీఏపీ ఎరువు బస్తా విప్పాడు. ఆ రెండూ కలపకూడదు. నేను నోరు తెరిచాను.

"నీకేం పని ఈడ? పోయి మజ్జిగ తే."

తెచ్చాను. నోరు మూసుకునే తెచ్చాను.

డ్రమ్ములో నీళ్లు పాలు విరిగినట్టు విరిగాయి. తెల్లటి ముద్దలు స్ప్రేయరుకు అడ్డం పడ్డాయి.

"ఏమప్పా, పెరుగు తోడేసినావా?" అన్నాడు వచ్చినవాళ్లలో కృష్ణమూర్తి అనే రైతు. అందరూ పగలబడి నవ్వారు.

అధికారి నవ్వలేదు. "రెండూ కలపకూడదని తెలియదా? మరి ఆ నాలుగు సాళ్లకెట్లా కొట్టినావు? లీటరుకెన్ని గ్రాములు?"

మా ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. పెళ్లయిన నాలుగేళ్లలో జవాబు కోసం నా ముఖం వైపు చూడటం ఇదే మొదలు.

"చెప్పు మే" అన్నాడు, గొంతు తగ్గించి.

ఐదు గ్రాములు. నా నాలుక చివరే ఉంది.

"కొట్టింది మీరే గదా. మీరే చెప్పండి" అన్నాను.

పళ్లెంలో ఒక్క గ్లాసే మిగిలింది, ఆయనది. ఆ ఉదయమే అటక మీంచి దించి కొంగున ముడేసుకున్న కాల్షియం మాత్ర నోట్లో వేసుకుని, పక్కనే నిలబడ్డ అత్త చూస్తుండగా ఆ మజ్జిగ నేనే తాగేశాను.