మంగ ముద్ద తినే వేళ

నేను ఒక ట్రాంబోన్‌ని. పేరు వినలేదని మొహమాటపడకండి. పెళ్ళి ఊరేగింపులో ఒకాయన పొడుగాటి ఇత్తడి బూర పట్టుకుని గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదుతుంటే, తగులుతుందని పక్కవాళ్ళు తప్పుకుంటారే, అది నేనే. మీరట్‌లో ఒక ఇరుకు సందులో ముగ్గురు అన్నదమ్ములు నన్ను సాగగొట్టి, వంచి, అతికించారు. నాకు మీటలు లేవు. గొట్టం ఎంత జరిపితే ఏ స్వరమో ఊదేవాడి చేతికే తెలియాలి. అందుకే మనిషి గొంతులా మూలగగలను, ఏడవగలను, బతిమాలగలను. లేనిదల్లా ఊపిరి. అది ఎప్పుడూ ఎవరో ఒకరు పోయవలసిందే.

ఇరవై ఏళ్ళు పోసినవాడు జొన్నకూటి యోనా. ఏలూరు మనిషి. అంతటి పనిమంతుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. పోలీసు బ్యాండులో కవాతుకు ఊదాడు. అది మానేశాక పొద్దున చర్చిలో కీర్తనలు, సాయంత్రం పెళ్ళివారి ముందు డాన్సు పాటలు. మద్రాసు నుంచి రికార్డింగుకు పిలుపు వస్తే దయ్యం నవ్వు, తాగుబోతు నడక, అత్తగారి విసురు, అన్నీ నాతోనే పలికించాడు. అల్యూమినియం గిన్నె నా నోటికి అడ్డంపెట్టి, తీస్తూ మూస్తూ మనుషుల్ని పేరు పెట్టి పిలిచేవాడు. జనం పడీపడీ నవ్వేవారు. ఇత్తడి తమలా మాట్లాడితే మనుషులకు అంత సంబరం ఎందుకో నాకు అంతుపట్టలేదు.

యాభయ్యో ఏట ఆయన సర్కస్ బ్యాండులో చేరాడు. అప్పుడు విజయనగరంలో డేరా వేసి ఉంది. అక్కడ మంగ అని ఒక ఏనుగు. దాని మావటి ఎర్రయ్య. ముప్పయ్యేళ్ళ సావాసం వాళ్ళది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ముద్దలు సిద్ధం కాగానే ఎర్రయ్య నోట్లో చుట్ట తీసి, "మంగా… లెగే తల్లీ" అని సాగదీసి పిలిచేవాడు. ఆ పిలుపు వినబడితేనే మంగ ముద్ద ముట్టేది.

ఒక ఆదివారం ఎర్రయ్య గుండె ఆగి పోయాడు. నాలుగు రోజులు మంగ తొట్టి వైపు చూడలేదు. డొక్కలు లోపలికి పోయాయి. పశువుల డాక్టరు చేతులెత్తేశాడు. సర్కస్ మేనేజరు సత్తార్ సాయిబు యోనా దగ్గరికి వచ్చాడు.

"మీరు ఏ గొంతయినా పలికిస్తారుగా యోనా గారూ. మా ఎర్రయ్య గొంతు పలికించండి. లేకపోతే అది మనకు దక్కదు."

యోనా పరదా వెనక నిలబడి, గిన్నె అడ్డంపెట్టి ఊదాడు. మొదటి పిలుపుకి మంగ చెవులు ఊపడం ఆపింది. రెండో పిలుపుకి లేచింది. పన్నెండు ముద్దలు తింది. సత్తార్ సాయిబు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం భయం వేసింది. చచ్చిపోయినవాడి మాట నాలోంచి రావడం అదే మొదలు.

రెండు నెలలు అలా గడిచాయి. ఇంతలో యోనాకు జ్వరం తగిలింది. మూడు రోజులు ఒళ్ళు తెలియలేదు. నన్ను మూడు ముక్కలుగా విప్పి పెట్టెలో పెట్టి ఉంచాడు. తాళంచెవి ఆయన దిండు కింద ఉంది. సరిగ్గా పన్నెండున్నరకు నాలోకి ఊపిరి వచ్చింది. చుట్ట వాసన. యోనా చుట్ట తాగడు. ముక్కలుగా పడి ఉన్నదాన్ని ఎలా మోగానో ఈనాటికీ తెలియదు. మూడు రోజులూ మోగాను. మంచం మీద మనిషి కదలలేదు.

నాలుగోనాడు యోనా లేస్తూనే ఏనుగు బతికుందో లేదోనని పెట్టె పట్టుకుని తూలుతూ పరుగెత్తాడు. ముద్దలు చేసే అప్పలనరసమ్మ ఎదురైంది.

"మూడు రోజుల్నించి మంగ ఏమైనా తిన్నదా?"

"తినకేటి బాబూ. నువ్వు రోజూ పిలిసినావు గదా. తొట్టి నాకేసింది."

యోనా పెట్టె తెరిచి నన్ను బిగించాడు. గొట్టం చివర, ఊపిరి తేమ నీరై కారిపోయే మూత నొక్కాడు. మూడు రోజులు ఊదని గొట్టం పొడిగా ఉండాలి. నీరు ధారగా కారింది. వేలితో అద్దుకుని వాసన చూశాడు. చుట్ట వాసన తగిలి వేలు చొక్కాకు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పరదా వెనక నన్ను ఎత్తాడు గాని పెదవులకు ఆనించలేదు. నేను పిలిచాను. మంగ ముద్దలన్నీ తిన్నది. తర్వాత మావటి ఎక్కడానికి వీలుగా ముందుకాళ్ళు మడిచి వంగింది. కాసేపు ఆగి లేచింది. దాని రెండు చెవుల వెనకా చర్మం గుంటలు పడింది, మెడ మీద కూర్చున్న మావటి కాలివేళ్ళతో అదిమినట్టు. అలాగే ఎండలో డేరా చుట్టూ ఒక చుట్టు నడిచింది. నా పిలుపు ఆగలేదు.

"ఇక చాలు, ఆపండి యోనా గారూ," అన్నాడు సత్తార్ సాయిబు మెల్లగా.

"నేను ఊదడం లేదండీ."

నన్ను తీసుకుపోతే మంగ పస్తుండి చస్తుంది. వదిలేస్తే ఇరవై ఏళ్ళు అన్నం పెట్టిన పనిముట్టు పోతుంది. చచ్చినవాడి ఊపిరి ఆడే బూరను యోనా ఇక పెదవులకు ఆనించలేడు. చివరికి నన్ను మంగను కట్టేసే గుంజకు తగిలించి, ఖాళీ పెట్టెతో సాయంత్రం బస్సెక్కాడు. తర్వాత ఇంకో ట్రాంబోన్ కొనుక్కుని పెళ్ళిళ్ళకు తప్ప దేనికీ ఊదలేదని విన్నాను.

మంగ ఇంకో పదకొండేళ్ళు తిన్నది. ఒక వానాకాలం నిద్రలోనే పోయింది. చిరిగిన డేరా గుడ్డలతో పాటు నన్నూ శ్రీకాకుళంలో పాత సామాన్ల కొట్టుకి అమ్మేశారు. ఇప్పుడు తుప్పు ఫ్యాన్ల మధ్య నా కాపురం.

పన్నెండున్నరకు చుట్ట వాసన వస్తుంది. నేను పిలుస్తాను. కొట్టువాడు వీధిలోకి తొంగిచూసి, ఎవరూ లేరని మళ్ళీ కంచం ముందు కూర్చుంటాడు. ఎర్రయ్య ఒకసారి పిలిచి, లేచిన చప్పుడు కోసం ఆగుతాడు. మళ్ళీ పిలుస్తాడు. ఈమధ్య ఆ గొంతులో కంగారు కూడా వినిపిస్తోంది. మంగ పోయిందని అతనికి చెప్పాలని ఉంది. కానీ అతను పోసే ఊపిరితో నాకు అతని పిలుపు తప్ప మరో మాట రాదు.