విప్పి చూపని పెట్టె

హలో, వినబడుతోందా? అందరూ అన్నాలు తిన్నారా? నేను బోధన్ నుంచి నర్సన్నను. ఇవాళ మా అక్క కొడుకు మల్లికార్జున్ సంగతి చెబుతాను. పక్కకు పోకండి, కొంచెమే.

మల్లికార్జున్‌కు మోర్తాడ్‌లో ఎకరం పసుపు చేను ఉంది. పేకాట లేదు, తాగుడు లేదు. ఫోన్లో ఒక యుద్ధం ఆట మాత్రం ఉంది. ఆ ఆటలో పెట్టెలు అమ్ముతారు. లోపల ఏముందో డబ్బు కట్టాకే తెలుస్తుంది. వీడికి ఎర్ర గుర్రం కావాలి. ఎప్పుడు తెరిచినా అదే తుప్పు పట్టిన టోపీ వస్తుంది. నూరు రూపాయలే కదా అని ఇంకోటి నొక్కుతాడు. అలా నొక్కీ నొక్కీ, పసుపు విత్తనం కోసం దాచిన డబ్బులో సగం పోయింది. మిగిలిన సగమూ ఆ ఫోన్లోనే ఉంది. అదీ పోతే ఈ యేడు చేను బీడే.

వాడి భార్య భాగ్యలక్ష్మికి అరిచే ఓపిక కూడా అయిపోయినట్టుంది. "మామా, విత్తనం కొననీకి పోతున్నం. నువ్వు గూడ రా," అంది, అంతే.

జక్రాన్‌పల్లిలో ఎర్రన్న అనే రైతు విత్తనం అమ్ముతున్నాడు. మేం వెళ్లేసరికి సంచులన్నీ మూతి కుట్టి పెట్టాడు.

"మంచి సరుకు తమ్మీ. నిన్ననే నింపిన. ఫోన్ల పైసలు కొట్టు, ఎత్తుకపో."

"విప్పకుండనేనా?" మల్లికార్జున్ నవ్వాడు. "నీళ్లల్ల బర్రెను బేరం జేసినట్టున్నది. విప్పన్నా, పసుపు కొమ్ము ఇరిసి సూడాలె."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది. సంచి మీదనే లేదు."

ఎర్రన్న గొణుక్కుంటూ కుట్టు విప్పాడు. వీడు మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి కొమ్ము తీసి విరిచాడు. లోపల మంచి రంగు. రెండో సంచిలో కొమ్ము నల్లగా కుళ్లి ఉంది. ఆ సంచి వద్దన్నాడు.

భాగ్యలక్ష్మి అరుగు మీద కూర్చుని అంతా చూస్తోంది.

"ఏమయ్యా," అంది మెల్లగా, "గా గుర్రం పెట్టెలోన్ని గూడ గిట్లనే విప్పుమని అడగకపోయినవ్?"

వాడు చేతిలోని కొమ్మును సంచిలోకి జారవిడిచాడు.

"ఏం గుర్రం తమ్మీ?" అన్నాడు ఎర్రన్న.

"రాలేదన్నా గది."

డబ్బు కట్టడానికి ఫోన్ తీశాడు. తెర మీద ఆటవాళ్ల మెసేజు: ఈ రోజే ఆఖరు, ఎర్ర గుర్రం మీ కోసం ఎదురుచూస్తోంది. బొటనవేలు దాని మీదికి వెళ్లి ఆగింది. వాడు వెళ్లి ఫోన్ భార్య ఒళ్లో పెట్టాడు.

"నువ్వే కొట్టు."

"పిన్ను నాకేం ఎర్క?"

చెప్పాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

"ఇంటికి పోయినంక మార్సు. నాకు జెప్పకు," అన్నాడు వాడే.

అర ఎకరానికే విత్తనం వచ్చింది. మిగతా సగంలో మక్కజొన్న వేస్తారట. ట్రాలీ ఆటోలో సంచుల మీద కూర్చుని వస్తుంటే, ఆమె బ్యాగులో ఫోన్ టింగుమంది. వాడు తల తిప్పాడు.

"ఏమొచ్చింది?"

"ఏం రాలే. పండుకో."

కళ్లు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం ఖాళీ జేబును తడుముతూనే ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి పెట్టెలు తెరిచేవాళ్లు ఉంటే, తిట్టకుండా ఇది వినిపించండి. తెలిసినవాళ్లకూ పంపండి. ఎర్రన్నకు మాత్రం వద్దు, నల్ల కొమ్ము సంగతి చెప్పానని నన్ను కొడతాడు.