మూడో తాళంచెవి

తప్పు నాదే. గా ముచ్చట ముందుగాలనే చెప్తున్న, ఎనక చెప్తే దాసినట్టయితది.

నా పేరు రాములమ్మ. మొయినాబాద్ దాటి చేవెళ్ల తొవ్వల మా ఊరు. మా ఇంటికి, పూర్ణిమ ఇంటికి నడుమ ఒక్కటే గోడ. గా గోడకు ఇవతల కూసోని ఆరేండ్లు ఆ పిల్ల ఏడుపు ఇన్న. జైపాల్ కొడుతుంటే, మొగుడు పెండ్లాల నడుమ మనమెందుకు అని టీవీ సప్పుడు పెంచిన. గసొంటి మనిషిని నేను.

మొన్న ఎండకాలం ఆ పిల్ల కోర్టుకు పోయింది. ఇల్లు ఇడిసిపెట్టి అవ్వగారింటికి పోతదేమో అనుకున్న. "నేనెందుకు పోవాలె అవ్వా? కొట్టినోడు పోవాలె గని," అన్నది. కోర్టు గూడ గదే రాసిచ్చింది, జైపాల్ ఆ గడప తొక్కద్దని. చేవెళ్లల శారదాదేవి దుకాణంల, లోపలినుంచి బయటినుంచి రెండు దిక్కుల తీసేటి కొత్త తాళం కొనుక్కచ్చింది. వడ్రంగం చేసే ఎజ్రా ఆ తాళం ముంగటి తలుపుకు బిగించి, ఎనక తలుపుకు లోపల లావు గడియ పెట్టిండు. తాళానికి మూడు తాళంచెవులు. ఒకటి పూర్ణిమ తాన, ఒకటి బియ్యం డబ్బల. మూడోది నా చేతుల పెట్టింది.

మా దిక్కు పనికి పోయేటోళ్లు పక్కింట్ల తాళంచెవి ఇచ్చి పోవుడు రివాజు. ఇంటోళ్లు ఎవలొచ్చి అడిగినా ఇచ్చుడే. ఎందుకని అడుగుడు ఉండదు.

బేస్తారం పగటీలి జైపాల్ వచ్చిండు. పూర్ణిమ గులాబీ తోటల పనికి పోయింది. గడ్డం గీసుకున్నడు, ఇస్త్రీ అంగీ తొడిగిండు. "మంచిగున్నవా అవ్వా," అని కాళ్లు మొక్కిండు. "నా ఆధార్ కార్డు లోపలున్నది, జర తాళంచెవి ఇయ్యి. నిమిషంల తెచ్చిస్త."

కోర్టు కాయితం సంగతి నాకు తెల్వదా? తెలుసు. అయినా చిన్నప్పుడు నేను సంకనెత్తుకున్న పోరడాయె, చెయ్యి దానంతల అదే పోయింది. పది నిమిషాలల్ల వచ్చి కార్డు చూపిచ్చిండు, తాళంచెవి ఇచ్చిండు. పాపం మారిండు అనుకున్న. చాయ్ గూడ పోసిన! నా బుద్ధికి బూడిద పొయ్య.

పొద్దూకంగ పూర్ణిమ వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే తలుపులన్ని గుంజి చూసుకునుడు ఆ పిల్లకు అలవాటు.

"అవ్వా, జర ఇటు రా," అన్నది.

పోయి చూసిన. ఎనక తలుపు గడియ చూస్తే ఉన్నట్టే ఉన్నది. ఏలుతోని అంటంగనే ఊడి చేతులకొచ్చింది. స్క్రూలన్ని ఇప్పి ఉత్తగ బొక్కలల్ల నిలవెట్టిండు, దొంగ సచ్చినోడు. బయటినుంచి ఒక్క తన్ను తంతే తలుపు తెరుసుకుంటది.

"ఎవలన్న వచ్చిండ్రా?"

లేదని చెప్దామని నాలిక కొసదాంక వచ్చింది. ఆ పిల్ల కింద పడ్డ స్క్రూలను ఒక్కొక్కటే ఏరి కొంగుల ఏసుకుంటున్నది. నాకు పాణం ఆగలే.

"జైపాల్ వచ్చిండు బిడ్డా. తాళంచెవి నేనే ఇచ్చిన."

తిడతదేమో అనుకున్న. తిట్టినా బాగుండు. పోలీసులకు ఫోన్ చేసింది, ఆ తర్వాత ఎజ్రాకు చేసింది. పోలీసోళ్లు వచ్చి అన్ని రాసుకున్నరు, వాడు దొరికేదాంక మా సందుల గస్తీ తిరుగుతమన్నరు. ఎజ్రా గడియకు పొడుగు స్క్రూలు బిగించిండు, తాళం మొత్తమే మార్చిండు. "పది నిమిషాలు సాలు అవ్వా, సబ్బు మీద తాళంచెవి అచ్చు తీసెతందుకు," అన్నడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కొత్త తాళానికి గూడ మూడే తాళంచెవులు. నేను మెల్లగ ఇంటి మొకాన నడిచిన. పూర్ణిమ ఎనకనుంచి వచ్చి నా గుప్పిట్ల ఒకటి పెట్టింది.

"నాకొద్దు బిడ్డా. నా అసొంటిదానికి మల్ల ఇస్తవా?"

"ఎవలకన్న ఇచ్చెతందుకు గాదు అవ్వా. లోపల నేను మొత్తుకుంటే తలుపు తీసుకోని వచ్చెతందుకు ఒకలుండాలె గద. ముందు గూడ గందుకే ఇచ్చిన, నీకు ఇడమరిచి చెప్పలే. నా మొత్తుకోలు నీకు ఇనవడ్తదని నాకు తెలుసు."

ఆరేండ్లు ఇన్న సంగతి ఆ పిల్లకు ముందునుంచే తెలుసు. సిగ్గుతోని సచ్చిపోయిన. తాళంచెవి కొంగున ముడేసుకోని ఇంటికొచ్చి, టీవీ ప్లగ్గు పీకేసిన.

ఐతారం పొద్దుగాల పూర్ణిమ కేక ఇనవడ్డది, దాని ఎంబడే ఎనక తలుపు మీద దబదబ సప్పుడు. చెప్పులు గూడ తొడుక్కోలే. ముంగటి తలుపు తాళం తీసుకోని లోపటికురికిన. ఆ పిల్ల పోలీసులకు ఫోన్ చేస్తున్నది. గడియ కదలకుంట నిలవడ్డది. నేను ఆ పిల్లను పొట్టకు అదుముకోని వాడంత ఇనవడెటట్టు ఒర్లిన:

"ఏమిరా జైపాల్, ఆధార్ కార్డు మల్ల మర్చిపోయినవా?"

ఇరుగుపొరుగు బయటికొచ్చిండ్రు. వాడు గోడ దుంకి ఉరుకుతుంటే సందు మలుపుల గస్తీ పోలీసోళ్లకు దొరికిండు.

అంత సద్దుమణిగినంక పూర్ణిమ చాయ్ పెట్టింది. నా పక్కన కూసోని, "గంత జల్ది ఎట్ల ఇనవడ్డది అవ్వా?" అని అడిగింది.

"టీవీ బంద్ చేసిన బిడ్డా," అన్న.

ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి మొదటిపాలి నా ముంగట పెద్దగ ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన.