హంపమ్మ కల్లం

యాపలదిన్ని ఊరు దాటాక గుర్రాలు పోవడానికి ఒకటే దారి. అది హంపమ్మ మిరప కల్లం అంచు వెంట పోతుంది. "మనుషుల్నే చెప్పులతోని తొక్కనియ్య, ఇంగ గుర్రాలనా?" అని ఆమె మొదట్లో కట్టె పట్టుకుని అడ్డం నిలబడింది. వచ్చినవాళ్లతో గుర్రపు సవారీలు నడిపే మేఘ ఎన్నోసార్లు బతిమాలి, "లోపల ఒక్క గిట్ట పడదు పెద్దమ్మా, నాది జిమ్మేదారి" అని మాటిచ్చాకే కట్టె పక్కన పెట్టింది.

హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన ప్రతాప్‌కు, అతని భార్య సుప్రియకు మేఘ ఈ సంగతి బయల్దేరే ముందే చెప్పింది. ఇద్దరూ తలలూపారు.

తీరా కల్లం దగ్గరికి రాగానే, ఎండలో పరిచిన పండు కాయల్ని చూసి సుప్రియ గుర్రం దిగి ఫోను తీసింది.

"అబ్బ, ఎర్ర తివాచీలా ఉంది! దీని మీదుగా రా ప్రతాప్."

"వద్దు సార్" అని మేఘ అనేలోపే అతను మడమలతో తన గుర్రం కస్తూరిని పొడిచాడు. గుర్రం కాయల మీద ఉరికింది. గిట్టల కింద కాయలు పటపట చిట్లాయి. నడిమధ్యన బెదిరి నిలబడి లద్దె వేసింది.

హంపమ్మ గుడిసెలోంచి పరుగెత్తుకొచ్చింది. చిట్లిన కాయల్ని చూసింది. మేఘ మొహంలోకి చూసింది, అంతే.

"వీడియో సరిగ్గా రాలేదు. ఇంకోసారి," అంది సుప్రియ.

మేఘకు ఒళ్లు మండిపోయింది. అతిథులతో ఎప్పుడూ తల వంచుకుని మాట్లాడే పిల్ల, చెప్పులు విడిచి కల్లంలోకి నడిచి పగ్గం పట్టుకుంది.

"దిగుండ్రి సార్. బూట్లు ఇప్పి దిగుండ్రి."

"ఏంటమ్మా ఇది? కాసిని మిరపకాయలకా?"

"కాసినా? మీ ఇంట్ల అన్నంల గుర్రం లద్దె ఏస్తే గిట్లనే అంటరా?"

ప్రతాప్ గుర్రాల యజమాని విజయేంద్రకు ఫోను చేసి, జరిగింది చెప్పి, మేఘ చేతికిచ్చాడు.

"గెస్టులతోని లొల్లి ఏందే మేఘా? ముసలామెకు నేను చెప్పుకుంటలే. సార్‌కు సారీ చెప్పి ముందుకు తీస్కపో," అన్నాడు విజయేంద్ర.

"అన్నా, సారీ చెప్త, కాని పెద్దమ్మకు చెప్త. మాటిచ్చింది ఆమెకు. సార్‌కు మాత్రం చెప్ప!"

ప్రతాప్ బూట్లు చేతబట్టుకుని, మేజోళ్లతో గంతులేస్తూ కల్లం గట్టు ఎక్కాడు. మేఘ గుర్రాలను కంచెకు కట్టేసి వచ్చి, పాడైన కాయలు ఏరడానికి కూర్చుంది.

"మరి మేమెలా వెళ్లాలి?" అని అరిచాడు ప్రతాప్.

"నడిచి."

గట్టు మీద సుప్రియ తాను తీసింది మొగుడికి చూపించి నవ్వుతోంది. హంపమ్మ మేఘ పక్కనే వంగి, లద్దె అంటిన కాయల్ని కొంగులో వేసుకుంటూ అంది:

"రేపటి సంది గుర్రాలను ఈ దిక్కు తేకు బిడ్డా."

"తేను పెద్దమ్మా."