ఆగమ్మ చెప్పాల్సిన పేరు

బావి గల్లీని అంతకుముందు ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. ఛత్రినాక వెనకాల ఇరవై రెండు గడపల సందు అది. బావి ఎప్పుడు పూడ్చారో చెప్పగల ముసలివాళ్లు కూడా పోయారు. అట్లాంటి గల్లీ డెబ్బైమూడు ఎండాకాలంలో ఒక్క మధ్యాహ్నంతో పేరుమోసింది. రోహిణి కార్తె ఎండకు జనమంతా తలుపులు బిగించుకుని పడుకున్న వేళ వైకుంఠాన్ని ఎవరో పొడిచి చంపారు. నాలుగింటికి నల్లా వస్తుందని బిందెలతో బయటికొచ్చిన ఆడవాళ్లకు అతను నల్లా గద్దె పక్కన బోర్లా పడి కనిపించాడు.

వైకుంఠం పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. వెనకాముందూ ఎవరూ లేని మనిషి. ముహూర్తాలుంటే పనికి పోయేవాడు, మూఢం వస్తే పగలే తాగేవాడు. తాగాడంటే గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి తలుపూ దబదబ బాది, లోపలివాళ్ల తాతముత్తాతల దాకా తిట్టి పోసేవాడు. అతని నోటికి జడిసి ఒక్కరూ తలుపు తీసేవారు కాదు. పావుగంట అరిచి, గొంతు ఎండిపోయి, తనే వెళ్లి పడుకునేవాడు.

పాపం అనాలి కాబట్టి అందరూ పాపం అన్నారు. కానీ ఆ వారం రోజులూ గల్లీలో ఒక్కరి కాలూ ఇంట్లో నిలవలేదు. మాదన్నపేట మార్కెట్ నుంచి కూరగాయలమ్మేవాళ్లు గంపలు దించి మరీ వచ్చి చూసిపోయారు. వైకుంఠం పడిన చోటు చూపించడానికి పిల్లలూ పెద్దలూ పోటీలు పడ్డారు. పోలీసు కుక్క వచ్చిన రోజైతే చెప్పనక్కర్లేదు, మిద్దెల మీద కూడా చోటు దొరకలేదు. ఆ కుక్క నల్లా దగ్గర వాసన పట్టి, గల్లీ పొడుగునా గంభీరంగా నడిచి, దుర్గయ్య మిరపకాయ బజ్జీల బండి ముందు కూర్చుంది. జవాను ఎంత లాగినా లేవలేదు. దుర్గయ్య పైప్రాణాలు పైనే పోయాయి. కుక్కకు కావలసింది బజ్జీ అని తేలాక మాత్రం ఆ సంగతి చెప్పుకునే అమ్మకాలు సాగించాడు. పేపర్లో రెండు లైన్లు పడ్డాయి, అందులో గల్లీ పేరు లేదు. హత్య కంటే దానికే ఎక్కువ బాధపడ్డవాళ్లున్నారు.

ఎస్సై ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. ఇరవై రెండు గడపల్లోనూ ఒకటే జవాబు. పడుకున్నాం సార్, ఏమీ వినలేదు. ఆయన రాసుకోవడానికి అర పేజీ సరిపోయింది. మూడు వారాలకు జీపు రావడం మానేసింది. రోజూ ఏదో ఒక కొత్త ముచ్చటకు అలవాటుపడ్డ గల్లీకి పొద్దు గడవడం కష్టమైంది.

అంతలో ఆషాఢం వచ్చింది. నల్లా దగ్గర నాగమణమ్మ బిందె కడుగుతూ ఒక మాట అంది. పోలీసోళ్లతోని ఏమైతది, రంగం నాడు అమ్మనే చెప్తది గద, అని. అంతే, సాయంత్రానికి ఆ మాట ప్రతి ఇంట్లోనూ తిరిగింది.

బోనాల మర్నాడు సోమవారం రంగం. గల్లీ మొదట్లోని పోచమ్మ గుడి ముందర కాల్చని పచ్చికుండ పెడతారు. దాని మీద ఒక ఆడమనిషి నిలబడుతుంది. ఆమెకు అమ్మవారు పూనుతుంది, ఆ ఏడు వానలెట్లా పడతాయో, ఏ రోగం వస్తుందో, ఎవరి మొక్కు ఆగిపోయిందో ఆమె నోట చెప్పిస్తుంది. బావి గల్లీలో పద్దెనిమిదేళ్లుగా ఆ కుండ ఎక్కుతున్నది ఆగమ్మ.

మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ ఆగమ్మ బీడీలు చుట్టేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒళ్లో చాటా, చాటలో తునికాకు, తంబాకు. ఎప్పుడూ లేనిది ఆమె గడప ముందు చెప్పులు పేరుకోవడం మొదలైంది. వచ్చినవాళ్లు ఊరికే వచ్చామనేవారు. కూర్చుని, గొంతు తగ్గించి, చెవి దగ్గరికి జరిగేవారు. అందరి నోటా ఒకటే పేరు, కుమ్మరి మైసయ్య.

హత్యకు రెండు రోజుల ముందు వైకుంఠం తాగి, ఆరబెట్టిన మైసయ్య కుండలను వరసగా తన్నేశాడు. మైసయ్య చేతిలోని, కుండలు చరిచే సలప ఎత్తి, చంపుతా బిడ్డా అన్నాడు. అది అందరూ చూశారు. గల్లీకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎస్సై మాత్రం మైసయ్యను ఠాణాలో రెండు రోజులుంచుకుని వదిలేశాడు. ఆ వదిలేయడమే ఎవరికీ మింగుడుపడలేదు. అమ్మ నోట పేరు రావడమే ఆలస్యం అంటూ దుర్గయ్య నలుగురు కుర్రాళ్లను కూడగట్టాడు. వాళ్లు కొట్టడానికి కట్టెలు ఏరి గుడి వెనక పెట్టిన సంగతి ఆగమ్మకు కూడా తెలుసు.

ఆమెకు పాత భయం తిరగబెట్టింది. ఏడేళ్ల కిందట అమ్మవారి వెండి కళ్లు కనిపించకుండా పోయాయి. ఆ ఏడు కుండ మీద ఆగమ్మ నోటి నుంచి, మూలింట్లో దొంగచెయ్యి ఉంది, అని వచ్చింది. మూలిల్లు ఓదెలుది. జనం ఆ పూటే అతన్ని పళ్లు రాలేటట్టు కొట్టి, సామాను బయట పడేశారు. ఓదెలు పెళ్లాం చంటిపిల్లతో వానలో నడిచిపోయింది. మరుసటి నెల దీపపు గద్దె కింద, గట్టిపడిన నూనె మడ్డిలో ఆ కళ్లు దొరికాయి. ఎవరూ ఓదెలును వెతకడానికి పోలేదు. ఆగమ్మ మాత్రం అప్పటి నుంచి తన నోటికి తనే భయపడుతూ బతుకుతోంది. ఆ మాట అమ్మ అన్నదా, రంగానికి ముందు పది రోజులు జనం తన చెవిలో పోసిందే బయటికి వచ్చిందా, ఆమెకు ఎంతకూ తేలలేదు. ఇప్పుడు మళ్లీ అందరూ పోస్తున్నారు.

జ్వరమని కుండ ఎక్కకుండా తప్పించుకుందామనుకుంది. కానీ అప్పటికే డప్పు వినిపిస్తే చాలు నాగమణమ్మ ఊగడం మొదలుపెట్టింది. తను తప్పుకుంటే ఆమె ఎక్కుతుంది. ఆమె ఎక్కితే ఏ పేరు వస్తుందో గల్లీలో కోడికి కూడా తెలుసు.

వచ్చినవాళ్లు ఊరికే పేరు చెప్పి పోతే బాగుండేది. నమ్మించాలన్న ఆరాటంలో వాళ్లు ఎస్సైకి చెప్పనివన్నీ ఆగమ్మకు చెప్పారు. నాగమణమ్మ తలుపును వైకుంఠం మూడుసార్లు కొట్టి, అక్కా అన్నాడట. ఎప్పుడూ పేరు పెట్టి బూతులు తిట్టేవాడు అక్కా అన్నాడంటే, మైసయ్య వెంట పడబట్టే గదా అని ఆమె లెక్క. వైకుంఠం దుర్గయ్య కిటికీ దగ్గర నిలబడి నీళ్లడిగాడట. పక్కింటి షౌకత్ బీ మాత్రం ఎవరి పేరూ చెప్పలేదు. ఆమె సాయంత్రం పూట వచ్చి, ఆగమ్మకు దారం అందిస్తూ చాలాసేపు కూర్చుని, చివరికి నోరు విప్పింది. తన తలుపు మీద దెబ్బలు కింద, గడప దగ్గర వినిపించాయట. నిలబడి కొట్టినట్టు లేదట. అది చెప్పి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

శనివారం పొద్దున మైసయ్య పచ్చికుండ తెచ్చాడు. ఏటా ఆ కుండ చేసేది అతనే. దాన్ని గోడ వారన పెట్టి, చేతులకు మట్టి లేకపోయినా తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"అక్కా, నా పేరొస్తదా?"

"నాకేం ఎర్క మైసయ్య. గా కుండ మీద నా నోరు నాది కాదు."

"నేను చంపలే. గా మాట ఎస్సైకి చెప్పిన, నమ్మిండు. కని నువ్వు చెప్తే నేను చంపినోన్నే అయిత. నా పెండ్లాం గూడ నమ్ముతది."

ఆగమ్మ చేతిలోని ఆకు చిరిగింది. ఆ దినం నువ్వేమన్నా విన్నావా అని అడిగింది.

"ఇన్న. నా తలుపు గూడ కొట్టిండు," అన్నాడు మైసయ్య. "కుండలు తన్నిన కోపముండె నాకు. సావనీ అనుకొని చెవులు మూసుకున్న. గదే నేను జేసిన పాపం."

అతను వెళ్లిపోయాక ఆగమ్మ చాట పక్కన పెట్టి అట్లాగే కూర్చుండిపోయింది. మైసయ్య తన పాపం చెప్పుకున్నాడు. మిగతావాళ్లు అదే సంగతిని మైసయ్య మీద సాక్ష్యంగా తెచ్చిపెట్టారు. తేడా అదొక్కటే. మరి ఆమె? ఆ మధ్యాహ్నం ఆమె పడుకోలేదు. ఒళ్లో చాటతో ఇక్కడే కూర్చుని ఉంది. వైకుంఠం తలుపు తట్టి, ఆగవ్వా, అని ఒక్కసారే పిలిచాడు. తిట్టలేదు. మొదలైంది లొల్లి అనుకుని ఆమె లేచి, ఉన్న గొళ్లెం చాలదన్నట్టు పైగడియ కూడా వేసింది. ఎస్సైకి పడుకున్నా సార్ అని చెప్పింది. రెండు నెలలుగా తనలో తాను ఆ మాట అనుకోవడానికి కూడా ఆమెకు నోరు రాలేదు. ఇప్పుడు అనుకుంది. అనుకుని ఏడ్చింది.

సోమవారం బావి గల్లీ పగిలిపోయేటట్టు నిండింది. చార్మినార్ అవతలి నుంచి, నయాపూల్ నుంచి కూడా జనం వచ్చారు. పొద్దుటి నుంచీ సన్నటి జల్లు పడుతున్నా ఎవరూ కదల్లేదు. మిద్దెల మీద గొడుగులు, రేకుల కప్పు మీద కాళ్లు వేలాడేసుకున్న కుర్రాళ్లు, మారువేషమనుకుని లుంగీ కట్టుకొచ్చిన ఎస్సై. ఆయన్ని అందరూ గుర్తుపట్టి దారి ఇచ్చారు. డప్పుల మోతకు కిటికీలు అదిరాయి. కుండ చేసినవాడు దగ్గర ఉండాలని మైసయ్యను ముందుకు తెచ్చారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, దుర్గయ్య కుర్రాళ్లు అతని భుజాల మీద చేతులేసి నిలబడ్డారు. చూసినవాళ్లు స్నేహమనుకోవచ్చు.

ఒళ్లంతా పసుపు, చేతిలో వేపరెమ్మలతో ఆగమ్మ కుండ ఎక్కింది. ఒక్కసారిగా కేకలు, ఈలలు. గుగ్గిలం పొగ ముఖాన కొట్టింది. ఎప్పుడూ ఆ తర్వాత ఆమెకు చెవులు దిబ్బడేసేవి, ఏమీ గుర్తుండేది కాదు. ఈసారి చినుకు చప్పుడు కూడా వినిపిస్తూనే ఉంది. గల్లీ పెద్ద మల్లన్న దండం పెట్టి వానల సంగతి అడిగాడు. పడతాయంది. రోగాల సంగతి అడిగాడు. పిల్లలను చూసుకోమంది. జనానికి అవేవీ అక్కర్లేదు. దుర్గయ్య ఇక ఆగలేకపోయాడు.

"వైకుంఠాన్ని చంపినోని పేరు చెప్పు తల్లీ," అన్నాడు.

డప్పులు ఆగాయి. మైసయ్య కళ్లు మూసుకున్నాడు.

"చెప్త బిడ్డా. పేర్లన్ని వరుసబెట్టి చెప్త," అంది ఆగమ్మ.

పేర్లా, అని గుంపులో ఒక ఊపు వచ్చింది. ఒక్కడనుకుంటే ఇంతమందా అన్న సంబరంతో వెనకవాళ్లు ముందుకు తోసుకున్నారు.

"మొదటి తలుపు నాగమణమ్మది. మూడుమార్లు కొట్టిండు, అక్కా అన్నడు. ఎన్నడన్న నిన్ను అక్కా అన్నడా వాడు? రెండోది దుర్గయ్యది. కిటికీల కెల్లి నీళ్లడిగిండు. నువ్వు కిటికీ మూసినవ్. షౌకత్ బీ గడప మీద కూలబడి కొట్టిండు. మైసయ్య తలుపు కొట్టిండు, మైసయ్య చెవులు మూసుకున్నడు. ఆగమ్మ ఇంటికొచ్చి పేరువెట్టి పిలిచిండు. బీడీలు చుట్టుకుంట కూసున్నది ఆగమ్మ, పైగడియ గూడ పెట్టింది. ఇగ మల్లన్నా, నీ తలుపు సంగతి నన్ను చెప్పమంటవా, నువ్వే చెప్తవా?"

మల్లన్న చేతులు జోడించిన చోటే ఉండిపోయాయి. నాగమణమ్మ ఊగడం మానేసి కొంగు కప్పుకుంది. ఎస్సై తన అర పేజీ గుర్తొచ్చినట్టు ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాడు. గోడ పక్క నుంచి షౌకత్ బీ గొంతు సన్నగా వచ్చింది. నిజమే తల్లీ, నేను విన్నా, అని. ఆ తర్వాత ఎక్కడో ఇంకెవరో, నేను కూడా, అన్నారు. మైసయ్య భుజాల మీది చేతులు ఒక్కొక్కటీ జారిపోయాయి. ఆగమ్మకు ఈ మాటలు అమ్మవో తనవో ఈసారీ తెలియలేదు, కానీ ప్రతి మాటా గుర్తుంది.

మల్లన్నకు అప్పటికీ ఆశ చావలేదు. గల్లీకి పెద్ద, అడగాల్సింది అడగాలి. జోడించిన చేతులు దించకుండానే అడిగాడు.

"తప్పయింది తల్లీ. కని చంపినోడెవడో చెప్పకపోతివి."

"గది నన్నెందుకడుగుతరు బిడ్డా," అంది ఆగమ్మ. "వాని పేరు నోట్లె పెట్టుకొనే వైకుంఠం గల్లీ అంత తిరిగిండు. ఒక్కరు తలుపు తీసినా చెప్పి సచ్చేటోడు."

ఆమె తనంతట తనే కుండ దిగింది. డప్పులవాళ్లను మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ అనలేదు.